సకినం గురించి ఒక్క మాటలో

వియ్యాలవారి మధ్య గొడవలు రాకుండా కాపాడేది ఏమిటో మీకు తెలుసా? పెద్దమనుషుల పంచాయితీ కాదు. పెట్టుపోతలు అంతకన్నా కాదు. ఇంగ్లీషు విశేషణాలు! అందులోనూ ఒక వస్తువు చేతికి ఎలా తగులుతుందో, పంటి కింద ఎలా ఉంటుందో చెప్పే విశేషణాలు. స్మూత్, రఫ్, సాఫ్ట్, స్టిక్కీ, క్రిస్పీ, క్రంచీ, స్పాంజీ. వీటిని మొదట పలికిన మహానుభావుడు ఎవరో గానీ, దొరికితే కుర్చీ వేసి కూర్చోబెట్టి శాలువా కప్పాలని నా కోరిక. ఆ శాలువా సాఫ్ట్‌గా ఉండేటట్టు చూసుకునే బాధ్యత కూడా నాదే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా రాస్తున్నాను.

ముందు నా అర్హతలు చెప్పాలి కదా! పదో తరగతి దాకా వర్ధన్నపేట దగ్గర మా ఊరి బడిలో, తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు రోజూ బస్సెక్కి హనుమకొండకు వెళ్ళి ఇంటర్ చదువుతున్నాను. నలుగురు ఉన్న చోట నోరు తెరవడం నా వల్ల కాదు. ఇంట్లో కూడా "ఊఁ", "ఊహూఁ"లతోనే రోజు గడిపేస్తాను. మిగిలిన మాటలు ఏమైనా ఉంటే డైరీలో రాసుకుంటాను. అలాంటి నాకు కాలేజీలో ఇంగ్లీషు మేడమ్ గారు మొదటి రోజే ఒక వరం ఇచ్చారు.

"వన్ వర్డ్ ఆన్సర్ చాలు. తెలుగు వద్దు!"

ఒక్క మాట చాలట! ఇంతకన్నా దయగల భాష ఎక్కడైనా ఉంటుందా?

మేడమ్ గారు బోర్డు పక్కన పెద్ద చార్టు అతికించారు. ఒక్కో పదం, పక్కన ఒక్కో బొమ్మ. రఫ్ పక్కన చెట్టు బెరడు. స్మూత్ పక్కన గాజు గ్లాసు. ఫ్లఫీ పక్కన బొచ్చు కుక్కపిల్ల. స్పాంజీ పక్కన గిన్నెలు తోమే స్పాంజి. తర్వాత ఒక సంచి తెచ్చారు. కళ్ళు మూసుకుని అందులో చెయ్యి పెట్టాలి, చేతికి తగిలింది ఎలా ఉందో చెప్పాలి. నా పక్కన కూర్చునే యమునకు పత్తి తగిలింది. వాళ్ళు ఏటా పత్తి వేస్తారు. పిల్ల ఉత్సాహంగా లేచి నిలబడింది.

"మేడమ్, పింజ మంచిగనే ఉన్నది గానీ ఇది జర తేమ మీదున్నది. ఇట్లనే ఎనుమాముల మార్కెట్‌కు తీస్కపోతే ధరల మస్తు కోత పెడ్తరు. ఇంకో రెండెండలు పడాలె, అప్పుడైతే..."

"యమునా! వన్ వర్డ్!"

"సాఫ్ట్, మేడమ్."

"వెరీ గుడ్! సిట్ డౌన్."

చూశారా, ఎంత శ్రమ తప్పిందో! తేమ పోయింది, ఎండలు పోయాయి, మార్కెట్ పోయింది. పత్తి సాఫ్ట్. క్లాసు ముందుకు సాగింది.

తెలుగులో ఈ సౌకర్యం ఎక్కడుంది చెప్పండి? మా అమ్మ పిండి తడపడానికి కూర్చుంటే చాలు, మాటలు పొర్లిపోతాయి. ముందు బరకగా ఉందంటుంది. కాదు కాదు, పలుకుగా ఉందంటుంది. నీళ్ళు పోస్తే జారుగా అయిందంటుంది. ఇంకో గుప్పెడు పిండి కలిపితే బిరుసెక్కిందంటుంది. జిగురంటుంది, బంకంటుంది, పొడిపొడిగా రాలుతోందంటుంది. ఒక్క పిండికి ఇన్ని మాటలా! ఇన్ని మోసుకుని మనిషి ఎలా బతకాలి? నేనైతే దూరం నుంచే చూసి "సాఫ్ట్" అని మనసులో అనుకుని పక్కకు తప్పుకుంటాను.

మా ఊరికి వచ్చే రోడ్డు సంగతే తీసుకోండి. బస్సు గతుకుల్లో పడగానే పెద్దవాళ్ళు మొదలుపెడతారు. కంకర తేలిందంటారు, వేసిన కాంట్రాక్టరును తిడతారు, ఓట్లు అడగడానికి వచ్చినవాళ్ళను పేరుపేరునా తలుచుకుంటారు. దిగే సమయానికి అందరికీ బీపీ! నేను "బంపీ" అనుకుని కళ్ళు మూసుకుంటాను. నీళ్ళు తడిగా ఉంటాయి, నిప్పు వేడిగా ఉంటుంది, రోడ్డు బంపీగా ఉంటుంది. అది దాని స్వభావం! మధ్యలో కాంట్రాక్టరు ఎందుకు వస్తాడు?

బట్టల దుకాణాలు కూడా ఎంత మారాయో గమనించారా? ఒకప్పుడు సేల్స్ అబ్బాయిలు పాపం చీర ఏ ఊరి నేతో, ఉతికితే ముడుచుకుంటుందో లేదో, రంగు దిగుతుందో లేదో చెప్పలేక చచ్చేవాళ్ళు. ఇప్పుడు ఏ చీర తీసినా "సిల్కీ స్మూత్ మేడమ్" అంటున్నారు. దోమతెర తీసినా అదే మాట! ఫోన్ల దుకాణంలో "బటరీ స్మూత్" అని చెప్పి మా నాన్నకు ఫోన్ అంటగట్టారు. అంటే వెన్నలా జారిపోతుందని అర్థం. నిజమే, నాన్న చేతిలోంచి రెండుసార్లు జారిపోయింది కూడా. స్క్రీన్ పగిలింది. ఇప్పుడు అది రఫ్.

ఇక కాలేజీ క్యాంటీన్ దోశ గురించి పరీక్షలో "దోశ లెదరీ" అని రాశాను. తోలులా ఉందని. ఫుల్ మార్కులు వేసి పక్కన స్టార్ కూడా పెట్టారు. అదే మాట తెలుగులో క్యాంటీన్ అన్న ముఖం మీద అని ఉంటే? ప్లేటు లాక్కునేవాడు. ఒకే దోశ, ఒకే నిజం. ఒక భాషలో స్టార్, ఇంకో భాషలో ఆకలి!

ఇవన్నీ చిన్న చిన్న లాభాలు. అసలు లాభం మా అక్క అత్తగారింటి విషయంలో కలిగింది. అది చెప్పడానికే ఈ రోజు కలం పట్టాను.

మా సుకన్య అక్కను హనుమకొండలో ఇచ్చాం. వాళ్ళది బట్టల దుకాణం. అక్క అత్తగారు వరలక్ష్మి అత్తమ్మ మాట కొంచెం గట్టి. ఆడబిడ్డ అనూష వదిన ఇంజినీరింగ్ చదువుతోంది. పెళ్ళి కాగానే రెండు కుటుంబాలకూ కలిపి వాట్సాప్ గ్రూపు పెట్టారు. వాళ్ళ వైపు నుంచి అనూష వదిన రాస్తుంది. అత్తమ్మ చెబుతుంటే ఆమె ఇంగ్లీషులో పెడుతుంది. వాళ్ళు ఇంగ్లీషులో రాస్తే మనం తెలుగులో రాస్తే ఏం బాగుంటుంది? అందుకని మా వైపు నుంచి నన్ను నియమించారు. అమ్మ చెబుతుంది, నేను ఇంగ్లీషులోకి మారుస్తాను. నోరు తెరవనవసరం లేని ఉద్యోగం. నాకోసమే పుట్టినట్టు లేదూ?

అత్తమ్మను వదినా అని పిలుస్తూ అమ్మ చెప్పే పద్ధతి ఇలా ఉంటుంది.

"రాయి బిడ్డా. వదినా, మంచిగున్నరా? ఆ పన్ను నొప్పి జర తగ్గిందా? దవాఖానకు పోయినవా, లేకపోతే అట్లనే ఓర్చుకుంటానవా? లవంగం పెట్టుకో, అట్లనే వదిలిపెట్టకు. సుకన్యకు పొద్దుగాల జల్ది లేచుడు అలవాటు లేదు, జర కడుపుల పెట్టుకో. నాకైతే ఈ నడుము పట్టేసింది, వంగరాకుంట అయితాంది. పత్తి ఏరుడు కాంగనే ఒకసారి వచ్చి చూసిపోతం. రాసినవా?"

నేను రాసినది: "హాయ్. హౌ ఆర్ యూ ఆల్? టేక్ కేర్. థాంక్యూ."

పావుగంట మాటలు ఒక్క లైనులో! పైగా ఒక్క తప్పు లేదు. అమ్మ దాన్ని చూసి, "గింతేనా?" అని అడిగేది. "ఇంగ్లీషుల గట్లనే ఉంటదమ్మా" అని నేను చెప్పేదాన్ని.

అక్క ప్రసవమై, బాలింత రోజులు గడిచాక, పాపతో సహా అత్తగారింటికి పంపాం. సారెతో పాటు సకినాలు పెట్టాం. సకినాలు లేకుండా మా వైపు ఏ సారె అయినా గడప దాటుతుందా? బియ్యప్పిండి తడిపి, నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్ళతో చుట్లు చుట్లుగా పోసి, తడి ఆరాక నూనెలో వేయాలి. వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చి చేయి వేస్తారు. ఆ వారం ముసురు. సకినాలు ఎలాగో పూర్తి చేసి పంపించాం.

రెండు రోజులకు గ్రూపులో అనూష వదిన మెసేజ్.

"సకినాలు స్పాంజీ." పక్కన ఒక నవ్వు ముఖం. అంతే.

పాఠకులారా, ఆ మాటను మూడుసార్లు చదివాను! స్పాంజీ! చార్టులో దాని పక్కన ఏ బొమ్మ ఉందో చెప్పాను కదా! సకినం అంటే విరగాలి. విరిగితే పక్కింటికి వినపడాలి. అలాంటి సకినాన్ని పట్టుకుని గిన్నెలు తోమేదానితో పోల్చారంటే ఇక మిగిలిందేమిటి? ఇదే మాట పాతకాలంలో తెలుగులో, "మీ సకినాలు మెత్తబడి సచ్చినయ్" అని వచ్చి ఉంటే ఏమయ్యేది? అమ్మ పొయ్యి వెలిగించేది కాదు. నాన్న బస్సెక్కేవాడు. అక్క ఆ ఇంట్లో, అమ్మ ఈ ఇంట్లో ఏడుస్తూ కూర్చునేవాళ్ళు.

ఇప్పుడో? అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ప్రశాంతంగా అడిగింది.

"ఏం రాసిందే అనూష? సకినాల ముచ్చటేనా?"

అప్పుడు చూడండి నా ప్రతిభ! జీవితంలో మొదటిసారి నాకు మాటలు వరదలా వచ్చాయి.

"మస్తు నచ్చినయట అమ్మా! గిసొంటి సకినాలు వాళ్ళు హనుమకొండల ఎక్కడ తినలేదట. నోట్లేసుకుంటే చాలట, పన్ను పెట్టే పనే లేదట, అట్లనే కరిగిపోతున్నయట. చుట్టుపక్కలోళ్ళకు పంచుదామనుకున్నరట గానీ పంచబుద్ధి కాలేదట. నువ్వులు గూడ సరిగ్గా సరిపోయినయట. మీ అమ్మ చేతిల ఏముందో అని అక్కను అడిగిన్రట. ఇంకా చానా రాసిందమ్మా..."

"గా ఒక్క ముక్కల గింత ఉన్నదా?"

"ఇంగ్లీషుల గట్లనే ఉంటదమ్మా."

అమ్మ నన్నే చూస్తూ చివరిదాకా విన్నది. నవ్వింది. "మంచిది బిడ్డా" అని లోపలికి వెళ్ళిపోయింది. యుద్ధం ఆగిపోయింది! ఇప్పుడు చెప్పండి, ఇంగ్లీషు విశేషణం శాంతిదూత అవునా కాదా?

మరునాడు అక్క ఫోన్ చేసింది. "సకినాలు మంచిగున్నయమ్మా, అత్తమ్మకు మస్తు నచ్చినయ్" అన్నది. నేను పక్కనే ఉండి విన్నాను. నమ్మలేదు. అక్క చెప్పింది తెలుగులో, నోటితో. అనూష వదిన చెప్పింది ఇంగ్లీషులో, రాతలో. చదువుకున్న మనిషి ఏది నమ్ముతుంది? అక్క పాపం అవమానం మింగుకుని అమ్మ కోసం అబద్ధం చెబుతోందని అర్థం చేసుకున్నాను. అబద్ధాలు చెప్పడంలో మా ఇద్దరివీ ఒకే పోలికలు కదా!

ఇంతలో పాప అన్నప్రాసన దగ్గరపడింది. అమ్మమ్మ ఇంటి నుంచి సకినాల బుట్ట వెళ్ళాలి. గ్రూపులో ఇంకో మెసేజ్: "స్నాక్స్ ఫ్రమ్ స్వీట్ షాప్. బెటర్."

నేను చదివి చెప్పగానే అమ్మ ముఖం వాడిపోయింది. ఈసారి దాన్ని ఎటు తిప్పి చెప్పాలో నాకు కూడా తోచలేదు.

"దుకాణం సకినాలా? మొదటి మనుమరాలికి అమ్మమ్మ ఇంటికెంచి దుకాణం సకినాలు పోతయా? రేపు నలుగుట్ల సుకన్యను ఏమంటరు? మీ అమ్మకు చేతులు లేవా అనరా? వద్దని రాయి. నేనే చేస్తనని రాయి."

రాశాను. "నో థాంక్యూ. హోమ్ మేడ్ ఓన్లీ."

ఇక చూసుకోండి నా బాధ! అమ్మకేం తెలుసు, పోయినసారి సకినాలు స్పాంజీ అని? మళ్ళీ అవే చేసి బుట్ట నిండా మోసుకుపోతుంది. చుట్టాలందరి ముందు బుట్ట మూత తీస్తుంది. ఆ పూట అక్క తల ఎత్తుకోగలదా? అక్క మర్యాద అంతా ఒక విశేషణం మీద వేలాడుతోంది, ఆ విశేషణం ఏమిటో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు!

సకినాలు పోసే రోజు వాడకట్టు ఆడవాళ్ళంతా వచ్చారు. బట్టలు పరిచారు. మా ఇంటి వెనకాల ఉండే యాకమ్మత్త ఒక్కతే పదిమంది పెట్టు. చుట్టు తిప్పుతూనే అందరినీ ఆడిపోసుకుంటుంది. నేను తలుపు దగ్గర నిలబడి, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని అన్నాను.

"ఈసారి... గట్టిగ కావాల్నట."

అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఓయమ్మో! పిల్ల నోరు తెరిచిందే!" యాకమ్మత్త చేతిలో పిండి ముద్ద అలాగే పట్టుకుని నన్ను చూసింది. "ఏంది బిడ్డా, మళ్ళొక్కసారి చెప్పు?"

"గట్టిగ. బాగా ఆరినంక, ఎర్రగ కాలాల్నట. వాళ్ళు రాసిన్రు."

"ఎంత గట్టిగనే? తింటరా, గోడ కట్టుకుంటరా?"

అందరూ పడీ పడీ నవ్వారు. నేను తలుపు వెనక్కి పోయాను. అమ్మ మాత్రం నవ్వలేదు. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని ఒక్క ప్రశ్నా వేయలేదు. "పిల్ల చెప్పినట్టే చేద్దాం యాకమ్మా. మంచిగ ఆరనియ్యిన్రి" అన్నది. పొయ్యి మంట తగ్గించి, ఒక్కో వాయినీ ఓపికగా, ఎర్రబడే దాకా వేయించింది. వేయించినవి గంపలో పడుతుంటే గాజులు పగులుతున్నట్టు చప్పుడు. యాకమ్మత్త ఒకటి కొరికి దవడ పట్టుకుంది. "ఈటిని దొంగల మీదికి ఇసరొచ్చు" అన్నది. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. క్రంచీ! చార్టు మొత్తంలో సకినానికి తగిన ఒకే ఒక్క పదం క్రంచీ!

అన్నప్రాసన రోజు హనుమకొండలో వాళ్ళ ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. పాప ముద్ద తిన్నది, ఉమ్మేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అమ్మ బుట్ట మూత తీసింది. మొదటి సకినం విరిచి వియ్యపురాలి నోట్లో పెట్టడం మా వైపు అలవాటు. అమ్మ విరిచింది. హాలు చివర కూర్చున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. అంత చప్పుడు! నేను గర్వంగా అక్క వైపు చూశాను. అక్క ఎందుకో కళ్ళు పెద్దవి చేసి "వద్దు, వద్దు" అన్నట్టు తల ఊపుతోంది.

వరలక్ష్మి అత్తమ్మ కొరికింది. చెంప పట్టుకుని అక్కడే కుర్చీలో కూలబడింది.



"ఏందొదినా!" అత్తమ్మ గొంతు లేచింది. "నా మీద కోపమేమన్న ఉంటే నోటితోని అనాలె గానీ, గిట్ల పండ్లు రాలగొడ్తవా?"

అమ్మ చేతిలో సగం సకినం అలాగే ఉండిపోయింది. "కోపమేంది వదినా? పన్ను నొప్పి తగ్గింది గావచ్చు అనుకున్న, గట్టిగ కావాల్నని మీరే..."

"గట్టిగనా! నేనా! ముందటి పండ్లు రెండు కదులుతానయ్. ఏడాదాయె నేను సకినం కొరకక. పోయినసారి నువ్వు పంపినవి నోట్లేసుకుంటే కరిగె. గవి నాకోసమే చేసినవనుకున్న. ఎవ్వలకు పెట్టకుంట మంచం కింద డబ్బా పెట్టుకొని తిన్న. మా వదిన నా నొప్పి ఎరిగి చేసింది, మెత్తగ మస్తున్నయ్, ఏడాదికి సకినం రుచి చూపిచ్చిందని అనూషతోటి రాపిచ్చిన గద!"

అందరి కళ్ళూ అనూష వదిన మీదికి తిరిగాయి.

"రాసిన గదమ్మా" అన్నది వదిన చిన్నగా. "స్పాంజీ అని రాసిన."

"నేను గింత చెప్తే గదొక్కటి రాసినవా? మరి గా దుకాణం ముచ్చట? వదినకు నడుము నొస్తాందని సుకన్య చెప్పింది, ఆమెకు కష్టమెందుకు, ఈసారికి దుకాణంల తెప్పిద్దామని చెప్పిన. గదన్న సరిగ్గా రాసినవా?"

వదిన నేల చూపులు చూసింది. "బెటర్ అని రాసిన."

"అయ్యో వదినా!" అమ్మ ముందుకు జరిగింది. "నీ పన్ను నొప్పి ఎట్లున్నది, దవాఖానకు పోయినవా అని నేను ఎన్నిసార్లు అడిగిపిచ్చిన్నో! ఒక్కసారి గూడ జవాబు రాకపాయె. చెప్పుకునేటంత దగ్గరోళ్ళం కాదేమో అనుకున్న."

"నువ్వెప్పుడు అడిగినవ్? మా కాడికి థాంక్యూ ఒక్కటే వస్తాండె. చుట్టాల లగ్గంల కలిసినప్పుడు గంత మంచిగ మాట్లాడిన మనిషి, బిడ్డనిచ్చినంక నోరు కట్టేసుకున్నదేంది అని నేననుకున్న."

ఈసారి కళ్ళన్నీ నా మీదికి తిరిగాయి.

గౌరవనీయులైన పాఠకులారా, అలాంటి సమయంలో మనిషికి కావలసింది ఏమిటి? ఒక్క మాటలో సమాధానం! నాకు ఆ ఒక్కటి కూడా దొరకలేదు. అనూష వదిన, నేను గోడకు ఆనుకుని పక్కపక్కన నిలబడ్డాం. ఒకరు ఇంజినీరింగ్, ఒకరు ఇంటర్. ఇద్దరికీ కలిపి వందకు పైగా విశేషణాలు వచ్చు.

అత్తమ్మ మాత్రం అప్పటికే చాయ్ తెప్పించింది. సకినం ముక్కను చాయ్‌లో నానబెట్టి చూసింది. "గిట్లయితే మంచిగనే ఉన్నది" అన్నది. అమ్మ ఇంకో ముక్క నానబెట్టి అందించింది. చుట్టాలు భోజనాలకు లేచినా ఆ ఇద్దరూ లేవలేదు. పన్ను దగ్గర మొదలుపెట్టి నడుము దాకా వచ్చారు. అక్క పొద్దున లేవకపోవడం గురించి అత్తమ్మ చెప్పింది, అమ్మ తలపట్టుకుంది, ఇద్దరూ నవ్వుకున్నారు. అక్క వాళ్ళ వెనక పాపను ఎత్తుకుని నిలబడి, కోపం నటిస్తూ అంతా విన్నది. ఆ ఇంట్లో అక్క అంత హాయిగా నిలబడటం నేను చూడటం అదే మొదలు.

లేచేటప్పుడు అత్తమ్మ తీర్పు చెప్పింది. "ఇగ గీ పోరగాండ్లతోటి రాపిచ్చుడు బంద్. నువ్వు నాకే ఫోన్ చెయ్యి వదినా. వచ్చేసారి మాత్రం మెత్తగనే పంపు."

అలా మా ఇద్దరి ఉద్యోగాలూ ఒకే రోజు పోయాయి.

నా బాధ కేవలం ఉద్యోగం గురించి కాదు. మాకు పదాలన్నీ నేర్పారు. కానీ అవి ఎలాంటి పదాలు? ఇది సాఫ్ట్, అది రఫ్, అది బెటర్. అన్నీ తీర్పులే! తీర్పు చెప్పి కూర్చోవడమే. తర్వాత మాట, ఎందుకని, ఎవరి కోసమని, నీకెలా ఉందని అడిగే మాట, అదెప్పుడు నేర్పుతారు? ఆ పీరియడ్ ఏ టైమ్ టేబుల్లో ఉంది? "అయితే..." అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "సిట్ డౌన్"! ఇలాగే నేర్చుకుంటే ఇంకో పదేళ్ళకు మేమందరం అనర్గళంగా ఇంగ్లీషులో ఒకరితో ఒకరం మాట్లాడుకోకుండా ఉండగలం.

అయ్యో, పొగడటానికి కూర్చుని ఎటో వెళ్ళిపోయాను. క్షమించాలి. ఇంగ్లీషు విశేషణాల వల్ల కలిగిన అసలైన మేలు ఇంకా చెప్పనే లేదు.

ఆ సాయంత్రం బస్సులో తిరిగి వస్తుంటే అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ములుగు రోడ్డు దాటాక నా వైపు తిరగకుండానే అడిగింది.

"బిడ్డా, గా స్పాంజీ అంటే నిజంగ ఏంది?"

ఇక దాచి ఏం లాభం? "మెత్తబడ్డయని అమ్మా. స్పాంజి లెక్క."

"మెత్తబడ్డయి మరి. ముసురుల ఆరకముందే నూనెల ఏస్తిమి. పంపేటప్పుడు ఒకటి తిని చూసిన. నాకెరుకే."

నేను నోరెళ్ళబెట్టాను. "ఎరుకనా? మరి ఆ రోజు నేను అన్నన్ని అబద్ధాలు చెప్తాంటే ఆపకపోతివేందమ్మా?"

అమ్మ కొంగు చివర చేతికి చుట్టుకుంది, విప్పింది.

"కాలేజీల ఏమైందే అంటే ఊఁ అంటవు. తిన్నవా అంటే ఊహూఁ అంటవు. గా ఒక్క దినం అంత సేపు నాతోని మాట్లాడితివి. ఎట్ల ఆపాలె?"

విన్నారు కదా! ఇంగ్లీషు విశేషణాలే లేకపోతే మా అమ్మ నా గొంతు ఎప్పుడు వినేది?